సమస్యాపూరణం: తల్లికంటెఁ బెద్ద పిల్ల గూట

నిర్వహణ: మిత్రులందరికీ నమస్కారం. ఈ వారం సమస్య ఆటవెలది నాలుగో పాదం, ముందు మూడు పాదాలు అల్లి దీన్ని అర్థవంతంగా పూరించాలి:

*తల్లికంటెఁ బెద్ద పిల్ల గూట*

పాదం మొదటి అక్షరానికి మధ్యలో జోడీ అక్షరం పడే యతి స్థానంలో తల్లి, పిల్ల అని ప్రాసయతి కుదిరింది, అంటే మొదటి అక్షరాల బదులు రెండో అక్షరాలు (ల్ల) కలిశాయి. పూరణ మన పెరటి పిట్టల మీదే ఉండాలి. గరుత్మంతుణ్ణీ రాజహంసనూ ఈసారికి వదిలేద్దాం. మీ గోడ మీద వాలేది, మీ మందారంలో గూడు కట్టేది పద్యంలోకి రావాలి. ఛందస్సుతో పాటు పిట్ట నడవడిక కూడా సరిచూస్తాను.

గోదారి గట్టు:

కాకి గూటిలోనఁ గోకిల యొకగుడ్డు
పెట్టి యెగిరిపోయెఁ బిల్ల వెడలి
కాకి మేఁత మేసి కడు లావుగాఁ బెర్గె
తల్లికంటెఁ బెద్ద పిల్ల గూట

నిర్వహణ: ధార హాయిగా ఉందండీ. మొదటి పాదంలో కాకి, గోకి ప్రాసయతి ముచ్చటగా పడింది. చిక్కంతా విషయంలోనే. కోకిల తోకతో కలిపి బారుగా కనబడుతుంది కానీ ఒంటి బరువులో ఊరకాకిని మించదు. గూట్లో ఉన్న కోకిల పిల్లకు ఆ తోక కూడా ఇంకా పూర్తిగా రాదు. దాని బలం వేరే చోట ఉంది: కోకిల గుడ్డు కాకి గుడ్ల కన్నా ముందే పొదగబడుతుంది, కాబట్టి ఆ పిల్ల ముందుగా నోరు తెరిచి మేత దక్కించుకుంటుంది. చాలాసార్లు కాకిపిల్లలు కూడా దాని పక్కనే పెరుగుతాయి. ‘తోటిపిల్లల కన్నా పెద్ద’ అంటే ఒప్పుకునేవాణ్ణి, తల్లి కన్నా అంటే కుదరదు.

గోదారి గట్టు: మా కొబ్బరిచెట్టు మీద కాకి మేపుతుంటే రెండూ ఒకే ఎత్తులో కనబడ్డాయి గురువుగారూ. ఈసారి దగ్గర నుంచి చూస్తాను.

మందారం:

ఆకుఁ గుట్టి గూడు నల్లిన పిట్టకు
వింత కొడుకు దొరికె వెడఁద నోరు
తెఱవ వీఁపు నెక్కి తినిపించుచున్నది
తల్లికంటెఁ బెద్ద పిల్ల గూట

నిర్వహణ: ఇదీ పూరణ అంటే! సమస్యలోని అసంభవాన్ని లోకంలో ఉన్న సంగతితోనే విప్పారు. బూడిదరంగు పొట్ట ఉండే చిన్న కోకిల ఒకటుంది. అది దర్జీపిట్టల గూళ్ళలో కూడా గుడ్డు పెట్టిపోతుంది. దర్జీపిట్ట తోకతో కలిపి 13 సెంటీమీటర్లు, తూగితే పది గ్రాముల లోపే. ఈ కోకిల ఎదిగితే 23 సెంటీమీటర్ల దాకా ఉంటుంది. ఇక్కడ ‘పెద్ద’ అన్న మాట అక్షరాలా నిజం. రెండో పాదంలోని ‘వెడఁద నోరు’ మూడో పాదంలోని ‘తెఱవ’లోకి ఒలికిపోవడం నాకు మరీ నచ్చింది, ఆ నోరు పాదం అంచు దాటి తెరుచుకున్నట్టే ఉంది.

బావిగట్టు: పద్యం బాగుందండీ, నాదొక సందేహం. దర్జీపిట్ట గూడు ఆకు సంచి కదా, అందులో వీపెక్కే చోటెక్కడిది? పిల్ల కొమ్మ మీదికి వచ్చాక అయితే సరే. సమస్యలో మాత్రం ‘గూట’ అని ఉంది.

మందారం: మంచి ప్రశ్న వేశారు. మా వంగమొక్కకు రెండు ఆకులు కలిపి కుట్టిన గూడది. చివరికొచ్చేసరికి పిల్ల సంచి నిండి పైకి పొంగింది, తలా వీపూ బయటే. ఆకు అంచుల్లో కుట్టు బెజ్జాలు సాగి పొడుగయ్యాయి. పత్తినారా సాలీడు దారమూ లాగి కుట్టిన కుట్లవి. ఒక్కటీ ఊడలేదు. తల్లి ఆకు అంచు మీద నిలబడితే నోరు అందదు. అందుకే పచ్చపురుగును ముక్కున పట్టుకుని పిల్ల వీపు మీదే వాలేది. తల మొత్తం ఆ నోట్లోకి వెళ్ళిందేమో అనిపించేది.

బావిగట్టు: అయితే ‘గూట’ నూటికి నూరుపాళ్ళూ నిలిచింది. సందేహం తీరిందండీ.

నిర్వహణ: కుట్ల సంగతి వచ్చింది కాబట్టి ఒక మాట. ఆ కుట్టుకు మనం వేసే ముడి ఉండదు. బెజ్జంలోంచి లాగిన నార కొస అవతలి పక్క విచ్చుకుని, బిరడాలా పట్టుకుంటుంది. కుట్టేది ఆడపిట్టే. దీని మీద ఎవరైనా సీస పద్యం రాయండి, ప్రత్యేకంగా వేద్దాం.

కొత్తగొంతు: ఇది నా తొలి పూరణ, తప్పులుంటే దిద్దగలరు.

వానవెంట వచ్చి చాతకం బను జాతి
పక్షి గుడ్డు పెట్టెఁ బదిలముగను
ఏడుగురునుఁ గూడి యెంతయో మేపిరి
తల్లికంటెఁ బెద్ద పిల్ల గూట

నిర్వహణ: స్వాగతమండీ! గణాలన్నీ సరిపోయాయి. మొదటి పాదంలో వా, చా యతి చెల్లదు, ప్రాసయతీ కుదరలేదు. ‘వానవెంట వచ్చి వంచించు చాతక / పక్షి గుడ్డు పెట్టె’ అంటే యతి కుదురుతుంది, కథా ముందుకు కదులుతుంది.

మూడో పాదం మాత్రం తాకవద్దు. గుంపుగా కిచకిచలాడుతూ తిరిగే ఆ పిట్టల్ని ఏడుగురు అక్కచెల్లెళ్ళంటాం. వాటి గూట్లో పిల్లల్ని కన్నవాళ్ళే కాక గుంపులోని మిగతావీ మేపుతాయి, ‘ఏడుగురునుఁ గూడి’ అన్నది చూసినవాళ్ళ మాట. చాతకం గుడ్డు పెట్టేది వాటి గూట్లోనే, రెండింటి గుడ్లూ నీలంగా ఉంటాయి కనుక ‘వంచించు’ కూడా నప్పుతుంది. ఉత్తర, మధ్య భారతానికి ఈ చాతకం నైరుతి గాలులతో ఆఫ్రికా నుంచి వస్తుంది, దక్షిణాన ఏడాదంతా ఉండేవీ ఉన్నాయి. పొడవులో పెద్దదే, అందులో చాలా భాగం తోక.

తాతగారి తోట:

పొద్దు వాలు వేళఁ బొదరింటి గోడపై
పిగిలిపిట్ట పిల్ల పెంచె నీడ
చూచి బాలుఁ డడిగెఁ జోద్యమ్ముతోఁ దాత!
తల్లికంటెఁ బెద్ద పిల్ల గూట

మందారం: పిల్లవాడి నోట సమస్య పలికించడం ఎంత బాగుందో! కానీ తల్లి పక్కనే ఉంటే దాని నీడా అంతే సాగుతుంది కదండీ?

తాతగారి తోట: తల్లి ఎండలో లేదమ్మా. పిగిలిపిట్ట మేత తెచ్చినప్పుడు నేరుగా గూటికి రాదు, కాసేపు గుబురులో ఆగి చుట్టూ చూసుకుంటుంది. మనవడు చూసింది అప్పుడే.

నిర్వహణ: ఆ ఆగడం పద్యంలో ఎక్కడైనా ఉంటే తిరుగుండేది కాదు. మూడో పాదంలో చోటు దొరుకుతుందేమో చూడండి.

ఈ వారం ఉత్తమ పూరణ మందారం గారిది. వచ్చే వారానికి, మళ్ళీ ఆటవెలది నాలుగో పాదమే:

*దుమ్ములోన మునుఁగఁ దొలఁగె మురికి*

మొక్కల పాదుల్లో పొడిమట్టి ఉన్నచోట మధ్యాహ్నం పూట పిచ్చుకల్ని కనిపెట్టి ఉండండి. పూరణలు శుక్రవారం రాత్రిలోగా పంపండి.