వాల్వు ఆపరేషన్ అయిన మామయ్యగారికి కంట్లో రక్తం – సాయంత్రం బిళ్ళ వెయ్యాలా వద్దా?

కొల్లిపర కోడలు:
మా మామయ్యగారికి అరవై దాటాయి. ఆరోగ్యశ్రీలో గుండె వాల్వు మార్చారు, మైట్రల్, లోహంది. అప్పట్నుంచీ రోజూ సాయంత్రం రక్తం పలచబడే బిళ్ళ, అసిట్రోమ్, వేసుకుంటారు. ఈ ఉదయం గడ్డం గీసుకుంటూ అద్దంలో చూసుకుంటే కుడికంట్లో ముక్కు వైపు తెల్లగుడ్డు మీద చింతగింజంత రక్తం. మధ్యాహ్నానికి ఆ పక్కంతా పాకింది. నొప్పి లేదు, చూపు మామూలుగానే ఉందంటున్నారు.

వారం నుంచి ఒకటే దగ్గు. ఊళ్లో ఆర్‌ఎంపీ గారు యాంటిబయాటిక్, ఒళ్లునొప్పులకో బిళ్ళ ఇచ్చారు.

ఇంట్లో తలా ఒక మాట. “అదంతా ఆ రక్తం పలచబడే బిళ్ళ వల్లే, ఇవాళ మానేయండి” అంటోంది మా ఆడపడుచు. అత్తయ్య నందివర్ధనం పూలు కళ్ల మీద పెట్టి పడుకోబెట్టారు, రేపట్నుంచి రోజూ పొన్నగంటి కూరేనట. అనుభవం ఉన్నవాళ్లు కాస్త చెప్పండి.

టిక్కుటిక్కు:
అమ్మాయ్, నాదీ మైట్రల్ వాల్వే. నాకూ ఇలా కన్ను ఎర్రబడింది, అదీ మనవరాలి ఓణీల ఫంక్షన్ ముందు. ఫొటోలన్నిట్లో నల్లకళ్లద్దాలతోనే ఉంటాను.

ముందు బిళ్ళ సంగతి. మీ అంతట మీరు మానొద్దు. లోహపు వాల్వు మీద రక్తం గడ్డకడితే వాల్వు బిగుసుకుపోతుంది, ఆ గడ్డ మెదడుకి పోతే పక్షవాతం. కంట్లో రక్తం దాని ముందు లెక్కలోది కాదు. రాత్రి నిశ్శబ్దంలో నా వాల్వు టిక్కుటిక్కుమనడం మా ఆవిడకి కూడా వినబడుతుంది. ఆ చప్పుడు మందగించినా, ఆయాసం వచ్చినా అదీ భయపడాల్సింది.

ఇక నా అనుమానమంతా ఆర్‌ఎంపీ గారి పొట్లం మీద. అసిట్రోమ్ విటమిన్ కె పనికి అడ్డుపడి రక్తం గడ్డకట్టకుండా చూస్తుంది. కొన్ని యాంటిబయాటిక్స్ తోడైతే దాని బలం మరీ పెరిగిపోతుంది, మెట్రోనిడజోల్, సెప్ట్రాన్ లాంటివి మరీనూ. ఒళ్లునొప్పుల బిళ్ళ డైక్లోఫెనాకో ఐబుప్రోఫెనో అయితే కడుపులో రక్తం కారే ప్రమాదం. మనకి పారాసిటమాలే, అదీ డాక్టరు చెప్పినంతే. పిర్రకి ఇంజెక్షన్ అసలే వద్దు, కండలో రక్తం గూడుకడుతుంది.

కాబట్టి ఇప్పుడే పీటీ ఐఎన్‌ఆర్ చేయించు, రక్తం ఎంత నిదానంగా గడ్డకడుతోందో చెప్పే టెస్టు అది; అంకె పెరిగితే రక్తం మరీ పలచబడినట్టు. మైట్రల్ లోహపు వాల్వుకి మామూలుగా 2.5 నుంచి 3.5 మధ్య ఉంచుతారు. మీ డాక్టరు పుస్తకంలో ఏం రాశారో అదే లెక్క. బిళ్ళ సాయంత్రం వేసుకోమనేది ఇందుకే, పొద్దున టెస్టు చేయించి రిపోర్టు చూసి ఆ పూట డోసు అడగొచ్చని.

పొన్నగంటి కూర మంచిదే, కానీ ఇన్నాళ్లూ లేనిది ఒక్కసారిగా రోజూ పెడితే అందులోని విటమిన్ కె వల్ల ఐఎన్‌ఆర్ కిందికి పడిపోతుంది. ఆకుకూరలు మానక్కర్లేదు, ఎప్పుడూ తినేంత తింటే చాలు. అత్తయ్యగారికి నా మాటగా చెప్పు.

మసకఅద్దం:
కంటాసుపత్రిలో ఆప్టోమెట్రిస్టుని. మీరు చెప్పింది చూస్తే తెల్లగుడ్డు మీదుండే పల్చటి పొర కింద సన్నటి రక్తనాళం చిట్లినట్టుంది. గట్టిగా దగ్గినా, తుమ్మినా, వాంతి అయినా, ముక్కినా, కన్ను నలిపినా చిట్లుతుంది. బిళ్ళలు వాడనివాళ్లకీ మామూలే. మొదటి రోజు పాకడం సహజం. ఎరుపు పసుపుకి తిరిగి రెండు వారాల్లో పోతుంది, మీ మామయ్యగారికి ఇంకాస్త పట్టొచ్చు. తొందరగా పోగొట్టే చుక్కలంటూ లేవు. గరగర ఉంటే కంటి తడికి వాడే చుక్కలు చాలు.

ఒక కన్ను మూసి రెండో కంటితో పేపరు చదివించండి, రెండు కళ్లూ విడివిడిగా. నల్లగుడ్డు ముందు కింది భాగంలో రక్తం నిలిచినట్టు కనిపిస్తోందా, టార్చి వేసి చూడండి. చూపు మసకబారినా, నొప్పి ఉన్నా, కళ్ల ముందు నల్లచుక్కలు కొత్తగా తేలుతున్నా, దెబ్బ తగిలినా ఆ రోజే కంటి డాక్టరు దగ్గరికి. విపరీతమైన తలనొప్పి, నల్లటి విరేచనం, మూత్రంలో రక్తం అయితే నేరుగా పెద్దాసుపత్రికి. బీపీ కూడా చూపించండి. మెడికల్ షాపువాళ్లిచ్చే స్టెరాయిడ్ చుక్కలు వద్దు. ఆ పూలు తీసేసి కళ్లు కడిగించండి దయచేసి.

ఆముదాలవలస అబ్బాయి:
మా అమ్మకి స్టెంటు వేశాక రక్తంలో ప్లేట్‌లెట్లు అతుక్కోకుండా ఎకోస్ప్రిన్, క్లోపిడోగ్రెల్ ఇస్తున్నారు. ఆవిడకీ రెండుసార్లు వచ్చింది ఇలా. ఐఎన్‌ఆర్ ఆ బిళ్ళల లెక్క చెప్పదన్నారు డాక్టరు. మళ్లీ వచ్చిందని బీపీ చూస్తే పైది 180. బీపీ బిళ్ళ అయిపోయిందని మాకు చెప్పనే లేదు మహాతల్లి.

కొల్లిపర కోడలు:
తెనాలి తీసుకెళ్లాం. ఐఎన్‌ఆర్ 4.9! బీపీ బాగానే ఉంది, కళ్లు రెండూ విడివిడిగా చూస్తే చూపూ బాగానే ఉంది. గుండె డాక్టరుగారికి ఫోన్ చేస్తే ఈ ఒక్క పూట అసిట్రోమ్ ఆయనే ఆపించి, రేపట్నుంచి ఎంత వెయ్యాలో చెప్పారు. యాంటిబయాటిక్ మార్చారు, ఒళ్లునొప్పుల బిళ్ళ పారేయించారు. “మానెయ్యమని నేను ముందే చెప్పాగా” అంటోంది మా ఆడపడుచు. ఒక పూటకీ మానెయ్యడానికీ తేడా ఆవిడకి మీరే చెప్పాలి, టిక్కుటిక్కుగారూ. మళ్లీ టెస్టు సోమవారం.