పాత నోట్స్ చూసి లేటెక్ నేర్చుకుంటున్నాను, మొదటి పేజీ కూడా రావడం లేదు

ప్రశ్న: నమస్కారమండి. ఎం.ఏ. తెలుగు ప్రాజెక్టు రిపోర్టు, ఆదేశాలు టైప్ చేస్తే పేజీలు కూర్చిపెట్టే సాఫ్ట్‌వేర్ లేటెక్‌లో చేద్దామని మొదలుపెట్టాను. సీనియర్ ఇచ్చిన నోట్స్, నెట్‌లో దొరికిన ఒక పాఠం పక్కన పెట్టుకుని టైప్ చేస్తున్నాను. పైన ‘డాక్యుమెంట్‌స్టైల్’, దాని కింద అదనపు సౌకర్యాల ప్యాకేజీలు చేర్చే ‘యూజ్‌ప్యాకేజ్’ రాస్తే ఎర్రర్. వారం నుంచి ఇదే. పది రోజుల్లో గైడ్‌గారికి చూపించాలి, టెన్షన్‌గా ఉంది.

జవాబు: మీ తప్పేం లేదండి. రెండు కాలాల పాఠాలు కలిసిపోయాయి. డాక్యుమెంట్‌స్టైల్ లేటెక్ 2.09 అనే పాత వెర్షన్ నాటి మాట. 1994లో లేటెక్ 2ఈ వచ్చాక అక్కడ ‘డాక్యుమెంట్‌క్లాస్’ రాస్తున్నాం. పాత మాట కనబడగానే లేటెక్ మీ ఫైలు పాతదనుకుంటుంది, అప్పుడు యూజ్‌ప్యాకేజ్‌ను ఒప్పుకోదు. మొదటి లైను మార్చండి చాలు.

నాకు ఎక్కువ భయం ఎర్రర్ రాని పాత ఆదేశాలతోనే. సమీకరణాలకు ‘ఈక్యూఎన్‌అర్రే’ వాడమని ఇప్పటికీ కొన్ని పాఠాల్లో ఉంటుంది. పని చేస్తుంది, కానీ సమానం గుర్తుకు అటూ ఇటూ ఖాళీ ఎక్కువ వస్తుంది. కొత్తవాళ్ళకి అది తప్పని తెలియదు. ‘అలైన్’ వాడండి.

మళ్ళీ ప్రశ్న: ఇంగ్లిష్ వచ్చిందండి! తెలుగు అక్షరం దగ్గర ఆగిపోతోంది. నోట్స్‌లో చెప్పినట్టు ‘ఇన్‌పుట్‌ఎన్‌క్’ లైను కూడా పెట్టాను.

ఇంకొకరి జవాబు: అక్షరాల ఎన్‌కోడింగ్ చెప్పే ఆ లైను తీసేయమ్మా. 2018 నుంచి యూటీఎఫ్-8 (అన్ని లిపులకీ పనికొచ్చే ఎన్‌కోడింగ్) అడక్కుండానే ఉంటుంది. అసలు చిక్కు నీ ఫైలును పీడీఎఫ్‌గా మార్చే పీడీఎఫ్‌లేటెక్‌తో, దానికి మన లిపి రాదు. ఎడిటర్‌లో దాని బదులు జీలేటెక్ (XeLaTeX) ఎంచుకుని, ఫాంట్‌స్పెక్ ప్యాకేజీ పెట్టి, సెట్‌మెయిన్‌ఫాంట్‌లో నోటో సెరిఫ్ తెలుగు ఇవ్వు. ఫాంటు కంప్యూటర్‌లో ఉండాలి. ‘స్క్రిప్ట్’ దగ్గర తెలుగు అని చెప్పడం మరిచిపోవద్దు. నేను మరిచిపోయి నలభై పేజీలు ప్రింటు తీశాను, ఒత్తులన్నీ విడివిడిగా వచ్చాయి. ముందు ‘స్త్రీ’ అని ఒక్క మాట కొట్టి చూడు.

ఇక ముందు సందేహం వస్తే టెర్మినల్‌లో ‘టెక్స్‌డాక్’ కొట్టి పక్కన ప్యాకేజీ పేరు రాయి. టెక్ లైవ్ (లేటెక్, దాని ప్యాకేజీలు కలిపి ఇచ్చే సెట్టు) పూర్తిగా వేసుకుని ఉంటే, నీ దగ్గరున్న ప్యాకేజీతో వచ్చిన మాన్యువలే తెరుచుకుంటుంది.

ప్రశ్న వేసినవారు: స్త్రీ సరిగ్గా వచ్చిందండి, ‘శాస్త్రం’ కూడా. ఇద్దరికీ చాలా థాంక్స్. ఆ నోట్స్ మా జూనియర్లకి ఇవ్వాల్సి ఉంది, ముందు మొదటి పేజీ దిద్దుతున్నాను.