బీమ్ మీద ఏడో పుల్లప్ దగ్గర వేళ్లు విడిపోతున్నాయి

మాది ఆమదాలవలస దగ్గర పల్లె. అగ్నివీర్ ఆర్మీ భర్తీ ర్యాలీ కోసం ఇంటి వెనక సొంతంగా బీమ్ కట్టాను. రెండు సరుగుడు దుంగలు, మీద పాత బోరు తాలూకు 2 అంగుళాల జీఐ పైపు. ఊరికే దొరికింది కదా అని వేసేశాను. బయటి వ్యాసం 60 మి.మీ. ఉంది. ర్యాలీలో దూకాల్సిన 9 అడుగుల గొయ్యి, బ్యాలెన్స్‌గా నడవాల్సిన జిగ్‌జాగ్ దుంగ కూడా ఉన్నాయి, వాటితో ఇబ్బంది లేదు.

పుల్లప్స్ 6 వస్తున్నాయి. ఏడోదానికి వీపులో ఓపిక ఉన్నా వేళ్లు తెరుచుకుపోతున్నాయి. 10 తీస్తే 40 మార్కులు, 6కి 16 మాత్రమే, అదీ టెన్షన్.

బూడిద రాసుకుంటే చెమటకి ముద్దయింది. సైకిల్ ట్యూబు చుడితే పైపు ఇంకా లావై 4కి పడిపోయాను, తీసేశాను. వారానికి 3 రోజులు తువ్వాలు పట్టుకుని వేలాడుతున్నాను. 15 సెకన్ల నుంచి 28కి వచ్చి, మూడు వారాలుగా అక్కడే ఆగింది. రోజూ చేసి చూస్తే మోచేయి లోపలివైపు నొప్పి వచ్చింది, మానేశాను.

ర్యాలీకి ఇంకా 7 వారాలుంది. ఇప్పుడే 33 మి.మీ. ఉండే 1 అంగుళం పైపుకి మారిపోవాలా, లేక పట్టు పెరిగేదాకా ఈ లావు పైపు మీదే చేయాలా?