పాత హిందీ పాట టీవీలో శ్రుతి పెరిగి వినిపిస్తోంది: సరిచేయాల్సిన బాధ్యత ఛానల్‌దేనా?

శ్రుతిపెట్టె:
1999లో లండన్‌లో మొదలైన బీఫోర్‌యూ లాంటి హిందీ సినిమా, పాటల ఛానళ్లు బ్రిటన్‌లో, గల్ఫ్‌లో, ఇండియాలో ఎన్నో ఇళ్లలో మోగుతున్నాయి. నా ప్రశ్న ఏ ఒక్క ఛానల్ మీదా కాదు, ఈ తరహా ప్రసారం మొత్తం మీద. సినిమా తీసేది సెకనుకు 24 ఫ్రేముల్లో. ఈ దేశాల్లో టీవీ నడిచేది 25లో. టెలిసినీలో, అంటే సినిమా రీలును టీవీ సిగ్నల్‌గా మార్చే యంత్రంలో, రీలును 25 వేగంతో తిప్పేస్తే పాట 4 శాతం పైచిలుకు తొందరపడుతుంది. 5 నిమిషాల పాట 4 నిమిషాల 48 సెకన్లకే అయిపోతుంది. వేగం సంగతి పక్కన పెట్టినా శ్రుతి 70 సెంట్లు పెరుగుతుంది. 100 సెంట్లయితే హార్మోనియం మీద పక్క మెట్టు. అంటే ఒకటిన్నర శ్రుతి పాట ఒకటిన్నరకీ రెండుకీ నడుమ ఎక్కడో తేలుతుంది, హార్మోనియంలో ఆ మెట్టే ఉండదు. టీవీతో కలిపి సాధన చేసేవాళ్ల సంగతి ఆలోచించండి. హెచ్‌డీ వచ్చాక కూడా ఇది పోలేదు, ఎందుకంటే ఇక్కడ హెచ్‌డీ కూడా 25 ఫ్రేములే. ఛానలే దీన్ని సరిచేసి ప్రసారం చేయాలని నా వాదన.

కువైట్ శీను:
నాకైతే ఏ తేడా తెలీలేదండీ. పాట వస్తే చాలు.

రీలుడబ్బా:
లెక్క సరే, తప్పు ఎవరిదన్న చోటే మీతో పేచీ. ఛానల్ రీలు తిప్పదు. హక్కులు అమ్మినవాళ్లు ఇన్నేళ్లూ పంపింది డిజిబీటా అనే వీడియో టేపు, ఆ టేపే 25. అది చేతికొచ్చాక ఛానల్‌కు మిగిలే దారి ఒక్కటే: నిడివి కదపకుండా శ్రుతి ఒక్కటే 70 సెంట్లు దించడం. అప్పుడేమవుతుందో వినండి. గొంతు బాగానే ఉంటుంది. తబలా మీద ‘నా’ పడే చోట, గజ్జె మోగే చోట దెబ్బ మొద్దుబారి చెదురుతుంది. దించే యంత్రం శబ్దాన్ని చిన్న ముక్కలుగా కోసి మళ్లీ అతుకుతుంది కాబట్టి, అతుకు దెబ్బ మీద పడితే రెండు దెబ్బల్లా వినిపిస్తుంది. మీకు కావాల్సింది ఇదా?

శ్రుతిపెట్టె:
ఒక్కటే దారి అన్నది తప్పండీ. మాస్టర్, అంటే మూల ప్రతి, 24లో తెప్పించుకుంటే రెండో దారి ఉంది. వేగం పెంచకుండా, ప్రతి 12 ఫ్రేములకూ ఒక ఫీల్డు (టీవీ ఒక్కో ఫ్రేమును రెండు సగాలుగా చూపిస్తుంది, ఆ సగమే ఫీల్డు) అదనంగా చేర్చాలి. 24 ఫ్రేములంటే 48 ఫీల్డులు, సెకనుకు కావాల్సింది 50. రెండు చేరిస్తే సరిపోతుంది. శబ్దాన్ని ముట్టుకోనక్కర్లేదు, నిడివి మారదు, శ్రుతి మారదు. కొనుగోలు ఒప్పందంలో ఒక్క వాక్యం రాయిస్తే అయ్యే పని.

లీసెస్టర్ బాబాయ్:
మీరిద్దరూ శ్రుతి పట్టుకుని వేలాడుతున్నారు. అసలు మనుషులు పొట్టిగా, లావుగా కనిపిస్తుంటే ఎవరికీ పట్టదా? పాత 4:3 బొమ్మను 16:9 వెడల్పు తెరకి సాగదీస్తే ముఖం వెడల్పు మూడో వంతు పెరుగుతుంది. ముందు అది ఆపమనండి.

రీలుడబ్బా:
బాబాయ్, అది ఎక్కడ సాగిందో ముందు తేల్చుకోండి. తెర మూలనున్న ఛానల్ లోగో చూడండి. లోగో సవ్యంగా ఉండి ముఖం ఒక్కటే వెడల్పుగా ఉంటే ప్రసారానికి ముందే సాగదీశారు. లోగో కూడా సాగితే మీ ఇంట్లోనే. సెట్‌టాప్ బాక్సులో 4:3 బొమ్మను పక్కల నల్ల పట్టీలతో చూపించే సెట్టింగ్ పెట్టండి, టీవీ రిమోట్‌లో ‘జూమ్’, ‘వైడ్’ తీసేసి ‘ఒరిజినల్’ పెట్టండి. ప్రసారమే సాగి వస్తుంటే టీవీని 4:3లో పెట్టండి, ముఖాలు మామూలవుతాయి. అప్పుడు లోగో సన్నబడుతుంది, పట్టించుకోకండి.
సాగదీయడం కన్నా కోసేయడం ఘోరం. చదరానికి దగ్గరగా ఉండే పాత సినిమా బొమ్మ వెడల్పు ఎత్తుకు 1.37 రెట్లు. దాన్ని 16:9 నిండా నింపితే పైనా కిందా కలిపి 23 శాతం పోతుంది. నాట్యం పాటలో పాదాలే పోతాయి.

లీసెస్టర్ బాబాయ్:
లోగో కూడా సాగే ఉంది. మా టీవీదేనన్నమాట. థాంక్స్ నాయనా.

గుంటూరు సుబ్బు:
శ్రుతిపెట్టె గారూ, మీరు దేంతో పోల్చి 70 సెంట్లు అంటున్నారు? పాత 78 ఆర్పీఎం రికార్డులో ఒక్కో వైపు మూడు నిమిషాల చిల్లరే పట్టేది, అందుకని సినిమాలో ఉన్న చరణం రికార్డులో ఉండేది కాదు. రెండిటి నిడివీ కలవదు. ఇక క్యాసెట్ అంటారా, డెక్కులో బెల్టు సాగితే అదే ఓ శ్రుతిలో పాడుతుంది.

శ్రుతిపెట్టె:
మంచి ప్రశ్న. అందుకే పాట మొత్తం కొలవకూడదు. పల్లవి మొదటి దెబ్బ నుంచి మొదటి చరణం మొదటి దెబ్బ దాకా స్టాప్‌వాచ్ పెట్టండి. సీడీలో అదే ముక్క కొలవండి. సీడీ నిడివిని టీవీ నిడివితో భాగిస్తే 1.04 దగ్గరికొస్తే ఇది ఫ్రేముల గొడవే. 1.02 అనో 1.07 అనో వస్తే వేరే జబ్బు. సంగీతం ముక్క మధ్యలో కోసి ఉంటే ఈ లెక్క పనికిరాదు, అప్పుడు తంబురా యాప్‌లో షడ్జమం పట్టి చూసుకోవాలి.
రికార్డు చేసుకున్నది ఇంట్లో సరిచేసుకోవాలంటే ఆడాసిటీ అనే ఆడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ‘చేంజ్ స్పీడ్’ తీసుకుని మైనస్ 4 ఇవ్వండి. ‘చేంజ్ టెంపో’ వద్దు, అది శ్రుతిని కదపదు. వీఎల్‌సీలో 0.96 వేగం పెట్టినా శ్రుతి దిగదు, ఆడియో సెట్టింగులో టైమ్ స్ట్రెచింగ్ తీసేస్తేనే దిగుతుంది. యూట్యూబ్‌లో పాత టీవీ రికార్డింగుతో పోల్చకండి, అదీ 25లోదే. అమెరికాలో టీవీ 25 కాకపోయినా, అక్కడికి వెళ్లిన డీవీడీల్లో కూడా చాలావాటికి మూలం మన 25 టేపే.

రీలుడబ్బా:
ఇంత చెప్పారు, మీ ‘అదనపు ఫీల్డు’ తెర మీద ఏం చేస్తుందో మాత్రం చెప్పలేదు. సెకనుకు రెండుసార్లు బొమ్మ తడబడుతుంది. కెమెరా నెమ్మదిగా కదిలే షాట్ అయితే అది కంటికి గుచ్చుకుంటుంది. 1959 నాటి ‘కాగజ్ కే ఫూల్’లో ‘వక్త్ నే కియా’ తీసుకోండి. ఖాళీ స్టూడియో, పైనుంచి పడే వెలుగు కిరణం, ఈ చివర ఒకరు, ఆ చివర ఒకరు. వీ.కే. మూర్తి కెమెరా మెల్లగా దగ్గరికి జరుగుతుంది. ఆ జరగడంలో కుదుపు వస్తే పాటలో ఇంకేముంది? అది మన దేశంలో తొలి సినిమాస్కోప్ చిత్రం, దాన్ని పాత 4:3 తెర నిండా కోస్తే 43 శాతం పోయి, ఇద్దరిలో ఒకరే మిగులుతారు. మీరు కళ్లు మూసుకుని టీవీ చూస్తారు కాబట్టి ఇవేవీ మీకు లెక్కలేదు.

శ్రుతిపెట్టె:
మీరు చెవులు మూసుకుని చూస్తారు. ఆ పాటలో గీతాదత్ గొంతు 70 సెంట్లు పైకి పోతే ఆ బరువే ఉండదు. చిన్నపిల్ల పాడినట్టు పలచబడుతుంది. మూర్తి గారి వెలుగు మీకెంత ముఖ్యమో ఆ గొంతు నాకంత ముఖ్యం. సినిమా పాట ముందు పాట, తర్వాతే సినిమా.

రీలుడబ్బా:
ఇదిగో, ఇప్పటికి బయటపడింది. నేను ఒప్పుకోనిది సరిగ్గా ఈ మాటనే. అది తెర కోసం పుట్టిన పాట. 4 శాతం వేగం పెరిగినా ప్రతి ఫ్రేమూ ఉంది, వరస తప్పలేదు. మీరేమో బొమ్మను కుదిపి శబ్దాన్ని కాపాడమంటున్నారు.

శ్రుతిపెట్టె:
అవును, అదే అంటున్నాను. సినిమాల ఛానల్ రాత్రి పూర్తి చిత్రం వేస్తే మీ పద్ధతి పెట్టుకోనివ్వండి, 3 గంటల సినిమాలో 7 నిమిషాల 12 సెకన్లు తగ్గినా నేను మాట్లాడను. పాటల ఛానల్ అని పేరు పెట్టుకున్నాక మాత్రం చెవిదే ముందు మాట. ‘ఏక్ దూజే కే లియే’ చూడండి. మన ‘మరో చరిత్ర’కు హిందీ రూపం, 1981 చిత్రం, బాలు గారికి జాతీయ పురస్కారం తెచ్చింది. ఆ పురస్కారం గొంతుకిచ్చారు.

గుంటూరు సుబ్బు:
గొంతు అంటున్నారు, బొమ్మ అంటున్నారు. మాట రాసినవాడి ఊసు ఇద్దరూ ఎత్తలేదు. పాట కింద పట్టీలో సినిమా పేరు, గాయకుల పేర్లు వేసి ఊరుకునే ఛానళ్లు ఎన్ని లేవు! ‘వక్త్ నే కియా’ రాసింది కైఫీ ఆజ్మీ. ఆయన పేరు మీ ఇద్దరి పోస్టుల్లోనూ లేదు.

రీలుడబ్బా:
నిజమే. రాయాల్సింది.

గుంటూరు సుబ్బు:
2012 కాపీరైట్ సవరణ తర్వాత, సినిమా హాలు బయట పాట వాడితే రాయల్టీలో రచయితకూ స్వరకర్తకూ వాటా ఉంది, దాన్ని నిర్మాతకు రాసిచ్చేయడానికీ వీల్లేదు. ఆ డబ్బు చేరాలంటే ఛానల్ ఇచ్చే పాటల లెక్క పత్రం, అదే క్యూ షీట్‌లో పాట పేరు, రచయిత, స్వరకర్త, ఎన్ని సెకన్లు మోగింది అన్నీ ఉండాలి. రచయిత పేరు షీటుకెక్కాక తెర మీద పట్టీలో ఇంకో వరస చేర్చడానికి కొత్త టేపు అక్కర్లేదు, 24 మాస్టర్ అక్కర్లేదు.

శ్రుతిపెట్టె:
ఇది ముందు అడగాల్సిందే. నా 24 మాస్టర్ సంగతి మాత్రం వదలను.

రీలుడబ్బా:
వదలకండి. పాటల ఛానల్ వరకు ఒప్పుకుంటా, కెమెరా కదలని షాట్లయితే. కదిలే షాట్ దగ్గర మళ్లీ ఇక్కడే కలుద్దాం.