బ్యాండ్‌విడ్త్: పట్టీ వెడల్పా, సామర్థ్యమా, వేగమా?

తర్జుమా:
వైఫై రౌటర్‌తో ఇచ్చే వాడకం పుస్తకాన్ని తెలుగులో పెడుతున్నాం. మూలంలో బ్యాండ్‌విడ్త్ అన్న మాట మూడు చోట్ల వచ్చింది. సెట్టింగుల దగ్గర "ఛానల్ బ్యాండ్‌విడ్త్ 20, 40, 80 మెగాహెర్ట్జ్" అని ఉంది. ప్లాన్ వివరాల్లో "100 ఎంబీపీఎస్ బ్యాండ్‌విడ్త్" అని, సమస్యల పట్టికలో "వీడియో కాల్ ఆగి ఆగి వస్తుంటే బ్యాండ్‌విడ్త్ చాలడం లేదు" అని ఉన్నాయి. మూలంలో మాట ఒకటే కాబట్టి తెలుగులోనూ ఒకటే ఉండాలని మా సంపాదకుల పట్టుదల. కొందరు "పట్టీ వెడల్పు" అంటున్నారు, కొందరు "వేగం" అంటున్నారు. పెద్దలు చెప్పండి.

ఫిజిక్స్ మాస్టారు:
"పట్టీ వెడల్పు" కొత్తగా పుట్టించిన మాట కాదు. ఇంటర్ రెండో ఏడాది భౌతికశాస్త్రంలో, సంసర్గ (కమ్యూనికేషన్) వ్యవస్థల పాఠంలో, పిల్లలు పరీక్షల్లో రాసిన మాటే. హెర్ట్జ్ అంటే సెకనుకు ఒక కంపనం. మనిషి మాట 300 హెర్ట్జ్ నుంచి 3100 హెర్ట్జ్ దాకా ఉంటే చాలు, టెలిఫోన్‌లో అర్థమవుతుంది. పై హద్దులోంచి కింది హద్దు తీసేస్తే 2800 హెర్ట్జ్. అదే దాని పట్టీ వెడల్పు. సంగీతానికి సుమారు 20 కిలోహెర్ట్జ్ కావాలి, టీవీ బొమ్మకు 4.2 మెగాహెర్ట్జ్, బొమ్మా ధ్వనీ కలిపి ప్రసారం చేయడానికి 6 మెగాహెర్ట్జ్. ఎక్కడ చూసినా పక్కన ఉన్నది హెర్ట్జే.

కాబట్టి మీ మొదటి వాక్యానికి అది అతికినట్టు సరిపోతుంది. రెండో వాక్యంలో ఉన్నది సెకనుకు ఎన్ని బిట్లు అన్న లెక్క. దాన్ని పట్టీ వెడల్పు అంటే కొలత తప్పుతుంది. మూడోదానికైతే ఈ రెంటితోనూ సంబంధం ఉండొచ్చు, ఉండకపోనూవచ్చు.

తర్జుమా:
మరి ఇంగ్లీషులో రెండింటికీ ఒకే మాట ఎలా నిలబడింది మాస్టారూ? వాళ్లకు గందరగోళం రాలేదా?

ఫిజిక్స్ మాస్టారు:
రెంటికీ చుట్టరికం ఉంది, అందుకే. 1928లో హార్ట్లీ అనే ఇంజనీరు, పంపగలిగే సమాచారం పట్టీ వెడల్పును బట్టి పెరుగుతుందని చూపాడు. 1948లో షానన్ అనే గణితవేత్త దానికి రణగొణను, అంటే సంకేతంలో కలిసే అనవసరపు చప్పుడును (నాయిస్) కూడా జతచేశాడు. సంకేతం రణగొణ కంటే ఎన్ని రెట్లు ఉందో చూసి, దానికి ఒకటి కలిపి, 2 ఆధారంగా సంవర్గమానం (లాగరిథమ్) తీసి, పట్టీ వెడల్పుతో గుణిస్తే సెకనుకు గరిష్ఠంగా ఎన్ని బిట్లు వెళ్లగలవో వస్తుంది. వెడల్పు పెరిగితే బిట్లు పెరుగుతాయి గనక నెట్‌వర్క్ వాళ్లు కారణం పేరునే ఫలితానికి పెట్టుకున్నారు.

కానీ రెండూ ఒకటి కాదని లెక్క వేస్తే తేలిపోతుంది. ఛానల్ 20 మెగాహెర్ట్జ్, సంకేతం రణగొణకు 100 రెట్లు. 101కి సంవర్గమానం 6.66. ఇరవైతో గుణిస్తే సెకనుకు 133 మెగాబిట్లు. అదే ఛానల్‌లో ఫోను పట్టుకుని పక్క గదిలోకి వెళ్లారు, సంకేతం 10 రెట్లకు పడింది. ఇప్పుడు 69 మెగాబిట్లే. పట్టీ వెడల్పు మారలేదు, బిట్లు మాత్రం సగమయ్యాయి.

ఇప్పుడు ఛానల్‌ను 80 మెగాహెర్ట్జ్ చేయండి. రౌటర్ వదిలే శక్తి అంతే, కానీ నాలుగింతల వెడల్పులోంచి నాలుగింతల రణగొణ లోపలికి వస్తుంది. 100 రెట్లు కాస్తా 25 రెట్లవుతుంది. 26కి సంవర్గమానం 4.7, ఎనభైతో గుణిస్తే 376. నాలుగు రెట్లు వెడల్పు చేస్తే మూడు రెట్లు కూడా రాలేదు. అదీ సిద్ధాంతం ఇచ్చే పై హద్దు, చేతికి వచ్చేది ఇంకా తక్కువ.

కేబుల్ బాబాయ్:
మాస్టారి లెక్క ఇళ్లల్లో రోజూ కనిపించేదే. అందుకే ఆ సెట్టింగు పక్కన రాసే తెలుగు సూటిగా ఉండాలి. నేనైతే "ఛానల్ వెడల్పు" అంటాను. మెనూలో "ఛానల్" అన్న మాట ఎలాగూ ఉంది. "పట్టీ" అంటే మామూలు ఇంట్లో కాళ్ల పట్టీలో, దెబ్బకు కట్టేదో గుర్తొస్తుంది. పాఠ్యపుస్తకంలో ఫర్వాలేదు, రౌటర్ పేజీలో చదివినవాళ్లు ఆగిపోతారు.

ఆ పుస్తకంలో వాక్యం ఎలా ఉన్నా ఈ సంగతి తప్పక పెట్టండి. 2.4 గిగాహెర్ట్జ్‌లో వైఫైకి ఉన్న చోటంతా కలిపితే 83.5 మెగాహెర్ట్జ్, అంటే 2400 నుంచి 2483.5 దాకా. ఛానళ్లకు 1 నుంచి 13 దాకా అంకెలున్నాయి గానీ పక్కపక్క ఛానళ్ల నడిమధ్యలకు దూరం 5 మెగాహెర్ట్జే. ఒకటో ఛానల్ 2412 దగ్గర, ఆరోది 2437 దగ్గర, పదకొండోది 2462 దగ్గర. ఒక్కొక్కటీ 20 మెగాహెర్ట్జ్ పరుచుకుంటుంది కాబట్టి ఒకదాని మీద ఒకటి పడకుండా ఉండాలని మామూలుగా వాడేవి 1, 6, 11. అపార్ట్‌మెంట్‌లో ఎవరైనా 40 పెడితే ఉన్న చోటులో సగం ఆయనదే. పక్కింటివాళ్లకూ ఆయనకూ ఇద్దరికీ నష్టమే. రౌటర్లు వంతులవారీగా మాట్లాడాలి కదా, గాలి ఖాళీ అయ్యేదాకా ఎవరి ప్యాకెట్ (ఒక్కసారి పంపే సమాచారపు ముక్క) వాళ్ల దగ్గరే ఆగుతుంది.

మూడో ఛానల్ ఖాళీగా ఉందని అందులో పెట్టడం ఇంకో తప్పు. మూడులో ఉన్నవాడికి ఒకటిలో వాళ్ల మాటలూ ఆరులో వాళ్ల మాటలూ అర్థం కాని చప్పుడుగా వినిపిస్తాయి. ఒకే ఛానల్‌లో ఉంటే కనీసం వంతు తెలుస్తుంది. కాబట్టి 2.4లో 20 పెట్టి 1, 6, 11లో ఒకటి ఎంచుకోవడం, 5 గిగాహెర్ట్జ్‌లో రౌటర్ ఉన్న గదిలోనే వాడితే 80, గోడలు దాటాలంటే 40. ఇది ఆ సెట్టింగు కిందే రాయండి.

తర్జుమా:
"ఛానల్ వెడల్పు" బాగుంది బాబాయ్ గారూ, తీసుకుంటున్నాం. మరి 100 ఎంబీపీఎస్‌కి?

నెట్‌వర్క్ అక్కయ్య:
అక్కడ "సామర్థ్యం" పెట్టండి. సెకనుకు గరిష్ఠంగా ఎంత మోయగలదో చెప్పే మాట అది. ఆచరణలో అందేదానికి వేరే మాట కావాలి, "అందే రేటు" అంటే చాలు. ఈ రెంటినీ కలిపేస్తే "100కి డబ్బు కడితే 94 వస్తోంది, మోసం" అన్న ఫిర్యాదులు వస్తాయి. అది మోసం కాదు. ఈథర్‌నెట్ (నెట్ కేబుల్) తీగ మీద ఒక ఫ్రేమ్, అంటే ప్యాకెట్‌ను పెట్టి పంపే పెట్టె, పట్టే చోటు 1538 బైట్లు. ముందు పలకరింపు 8, చిరునామాల తలకట్టు 14, సరుకు 1500, తప్పులు పట్టే తోక 4, తర్వాతి ఫ్రేముకు ముందు విడిచే ఖాళీ 12. ఆ 1500లో కూడా ఐపీ, టీసీపీ అనే నెట్ నియమాల తలకట్లకు 40 పోతే మిగిలేది 1460. 1460ని 1538తో భాగించండి, 0.949. వందకు 94.9 దగ్గర ఆగడం అక్కడే ఉంది. వైఫైలో ఈ కోత ఇంకా పెద్దది. రౌటర్ డబ్బా మీద 866 అని ఉంటే చేతికి ఐదారు వందలు వచ్చినా బాగున్నట్టే, ఎందుకంటే పంపడం, వినడం ఒకే ఛానల్‌లో వంతులవారీగా జరుగుతాయి.

"ఎంబీపీఎస్" అని తెలుగు అక్షరాల్లో రాయడం నాకు నచ్చదు. ఇంగ్లీషులో చిన్న బి అంటే బిట్, పెద్ద బి అంటే బైట్. తెలుగులో ఆ తేడా మాయమైపోతుంది. సెకనుకు 100 మెగాబిట్లు అంటే 12.5 మెగాబైట్లే. డౌన్‌లోడ్ చేస్తున్నప్పుడు తెరమీద 12 కనిపించి లైన్ పాడైందనుకునేవాళ్లు ఎంతోమంది. "సెకనుకు 100 మెగాబిట్లు" అని పూర్తిగా రాయండి, నాలుగు అక్షరాలు పెరిగినా ఫర్వాలేదు.

తర్జుమా:
అక్కా, జనం నోట్లో ఉన్నది "స్పీడు" కదా. "వేగం" అంటే తప్పేమిటి?

నెట్‌వర్క్ అక్కయ్య:
మాటల్లో అనుకోనివ్వండి, తప్పులేదు. సమస్యల పట్టికలో మాత్రం వద్దు. మీ మూడో వాక్యం తప్పుదారి పట్టించేది అక్కడే. వీడియో కాల్‌కు సెకనుకు రెండు నుంచి నాలుగు మెగాబిట్లు చాలు. వంద ఉన్న ఇంట్లో కాల్ ఆగి ఆగి వస్తోందంటే తక్కువైంది సామర్థ్యం కాదు. ప్యాకెట్ వెళ్లి రావడానికి పట్టే సమయం పెరిగింది, లేదా ఆ సమయం ఒక్కో ప్యాకెట్‌కు ఒక్కోలా ఉంది, లేదా ప్యాకెట్లు దారిలో పోతున్నాయి. మొదటిది జాప్యం, రెండోది జాప్యంలో హెచ్చుతగ్గులు, మూడోది ప్యాకెట్ల నష్టం. మూడింటికీ తెలుగు మాటలు చక్కగా ఉన్నాయి, వాడుకోండి.

జాప్యం ఎంత పెద్దదో తెలియాలంటే: గాజు తీగలో వెలుగు సెకనుకు సుమారు రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది. వెయ్యి కిలోమీటర్లకు 5 మిల్లీసెకన్లు, వెళ్లి రావడానికి 10. భూస్థిర ఉపగ్రహం 35,786 కిలోమీటర్ల ఎత్తున ఉంది. పైకెక్కి దిగడానికే 240 మిల్లీసెకన్లు, జవాబు తిరిగి వచ్చేసరికి దగ్గర దగ్గర 480. ఆ లింకు సామర్థ్యం ఎంత పెంచినా ఈ అంకె తగ్గదు. మాట ఒకవైపు చేరడానికి 150 మిల్లీసెకన్ల లోపు పడితే సంభాషణ సాఫీగా ఉంటుందన్నది అంతర్జాతీయ టెలికాం సిఫారసు. 400 దాటితే ఇద్దరూ ఒకేసారి మాట్లాడటం, ఇద్దరూ ఒకేసారి ఆగిపోవడం మొదలవుతుంది.

ఫిజిక్స్ మాస్టారు:
అమ్మాయ్ చెప్పింది సరైనది. ఛానల్ అంటేనే కాలువ కాబట్టి ఆ పోలికే చెబుతాను. కాలువ వెడల్పు మీటర్లలో, పారే నీరు క్యూసెక్కుల్లో, చివరి ఆయకట్టుకు నీరు చేరే సమయం గంటల్లో చెబుతాం. రైతు ఎవరూ ఈ మూడింటికీ ఒకే మాట వాడడు. ఇక్కడా పక్కన ఉన్న ప్రమాణాన్ని చూసి మాట ఎంచుకుంటే సరిపోతుంది. హెర్ట్జ్ ఉంటే వెడల్పు, సెకనుకు బిట్లు ఉంటే సామర్థ్యం లేదా అందే రేటు, మిల్లీసెకన్లు ఉంటే జాప్యం.

నెట్‌వర్క్ అక్కయ్య:
ప్రమాణం చూసి మాట. ఇదే నియమంగా పెట్టుకోండి. మీ సంపాదకులకు కావలసిన నిలకడ దీంతోనే వస్తుంది.

సమస్యల పట్టికలో పరీక్ష కూడా రాయండి. పింగ్ అంటే చిన్న ప్యాకెట్ పంపి, జవాబు రావడానికి ఎంతసేపు పట్టిందో చూడటం. ముందు రౌటర్‌కే పింగ్ కొట్టాలి, చాలా ఇళ్లల్లో దాని చిరునామా 192.168.1.1. ఐదు మిల్లీసెకన్ల లోపు నిలకడగా వస్తే వైఫై బాగుంది. 3, 4, 180, 5, 240 అంటూ ఎగిరెగిరి పడితే గాలిలోనే తగాదా ఉంది, ఛానల్ మార్చాలి. తర్వాత బయట ఉన్న గూగుల్ సర్వర్ 8.8.8.8కు కొట్టాలి. రౌటర్ దాకా బాగుండి ఇక్కడ పెరిగితే తప్పు బయటి లైనుది. మూడోది చాలామంది చేయరు: ఫోనులోంచి పెద్ద వీడియో అప్‌లోడ్ చేస్తూ అదే పింగ్ చూడాలి. అప్పుడు వందల్లోకి పోతే కారణం క్యూ. అప్‌లోడ్ సెకనుకు 10 మెగాబిట్లు, రౌటర్ తన జ్ఞాపకంలో ఒక మెగాబైట్ పోగుచేసుకుందనుకోండి, అది ఖాళీ కావడానికి 0.8 సెకను. మీ మాట మోసే చిన్న ప్యాకెట్ దాని వెనక నిలబడుతుంది. రౌటర్‌లో అప్‌లోడ్ హద్దును అసలు సామర్థ్యంలో 90 శాతం దగ్గర కడితే ఆ క్యూ పెరగదు. వాళ్లకు ఎక్కువ డబ్బున్న ప్లాన్ అక్కర్లేదు.

కేబుల్ బాబాయ్:
ఇంకొకటి. "సిగ్నల్ ఫుల్‌గా ఉంది, నెట్ లేదు" అంటారు. గీతలు చెప్పేది సంకేతం ఎంత గట్టిగా వినిపిస్తోందో అంతే. చుట్టూ గోల ఎంతుందో, ఛానల్‌లో ఎందరున్నారో చెప్పవు. మీ పుస్తకంలో సంకేతం బలాన్ని కొలిచే డీబీఎంలు ఉంటే జాగ్రత్త. "–70 కంటే తక్కువైతే" అని తర్జుమా చేస్తే సగం మంది –60 వైపు చూస్తారు. "–70 దాటి –80 వైపు పోతే బలహీనం" అని రాయండి. మూడు డీబీ తగ్గితే శక్తి సగం, పది తగ్గితే పదో వంతు. మాట మాట్లాడే ఫోనుకు –67 దాకా ఉంటే నిశ్చింత.

తర్జుమా:
రాసుకున్నాను. మూడు వాక్యాలూ ఇలా మార్చాం, చూడండి.
"ఛానల్ వెడల్పు: 20, 40, 80 మెగాహెర్ట్జ్."
"ఈ ప్లాన్ సామర్థ్యం సెకనుకు 100 మెగాబిట్లు."
"వీడియో కాల్ ఆగి ఆగి వస్తుంటే జాప్యం పెరిగిందేమో పరీక్షించండి."

కేబుల్ బాబాయ్:
మొదటి రెండూ ఖాయం. మూడోదాంట్లో "ముందు రౌటర్ దాకా, తర్వాత బయటికి" అని చేర్చండి. లేకపోతే నేరుగా బయటికే పింగ్ కొట్టి, తప్పు ఇంట్లో ఉంటే లైన్‌మ్యాన్‌ను పిలుస్తారు.