పాత కమోడ్ పీకించాలా, ఫ్లష్ ట్యాంకు లోపలి సామాను మారిస్తే చాలా?

హిందూపురం అమ్మాయి:
అందరికీ నమస్కారం. బెంగళూరు మారతహళ్ళి దగ్గర 16 ఫ్లాట్ల చిన్న అపార్ట్‌మెంట్ మాది, 2006లో కట్టింది. 2024 ఎండాకాలంలో బోరు ఎండిపోయినప్పుడు మొదలైన ట్యాంకర్లు ఇంకా మమ్మల్ని వదల్లేదు. వారానికి రెండుసార్లు సంపులోకి పైపు వేసిన చప్పుడుకే మెలకువ వస్తుంది.

ఆ ఏడే జలమండలి కుళాయిలకు ఏరేటర్లు (ధారలో గాలి కలిపి నీళ్ళు తగ్గించే జాలీలు) పెట్టుకోమంటే వంటింట్లో, వాష్‌బేసిన్లకు బిగించేశాం. కమోడ్ సంగతి ఎవరికీ తట్టలేదు. మొన్న ఆదివారం ట్యాంకుకి నీళ్ళొచ్చే యాంగిల్ వాల్వ్ కట్టేసి, ఫ్లష్ నొక్కి, ఖాళీ అయిన ట్యాంకును లీటరు మగ్గుతో పాత గీత దాకా నింపాను. పది మగ్గులు పట్టింది! నలుగురం, తలా ఐదుసార్లు అనుకున్నా రోజుకి 200 లీటర్లు. మా అత్తయ్యగారు "పది బిందెలు దాంట్లోకేనా?" అని ఆ పూట కాఫీ కూడా సరిగ్గా తాగలేదు.

ప్లంబరేమో రెండు కమోడ్లూ పీకాల్సిందే, టైల్స్ పగులుతాయి అంటాడు. మా ఆయన ట్యాంకులో నీళ్ళ సీసా పడేస్తే ఆ మేరకు నీళ్ళు తక్కువ పడతాయి, సరిపోతుందంటారు. ఎవరి మాట వినాలి?

సామాన్ల కొట్టు బాబాయ్:
అమ్మా, కె.ఆర్.పురంలో ఇరవై ఏళ్ళుగా శానిటరీ సామాన్లు అమ్ముతున్నా. నా కొట్టుకి నష్టమే గానీ, ముందు ఏమీ కొనకండి. బట్టల నీలిమందు నాలుగు చుక్కలు ట్యాంకులో వేసి, ఫ్లష్ చేయకుండా అరగంట ఆగండి. కింద కమోడ్‌లో నీలం కనిపిస్తే అడుగు వాషర్ పోయినట్టే. అది రాత్రీ పగలూ కారుతూనే ఉంటుంది.

తర్వాత డ్యూయల్ ఫ్లష్ సెట్టు. పెద్ద బటన్‌కి 6 లీటర్లు, చిన్నదానికి 3 అని అమ్ముతాం. కానీ పాత కమోడ్ వంపు 10 లీటర్ల తోపుకి తయారైంది. ఆరుకి పోకపోతే మళ్ళీ నొక్కుతారు, 12 అవుతాయి. అందుకని బకెట్‌లో ఆరు లీటర్లు కొలిచి ఒక్క ఊపున పోసి చూడండి. పోయిందా, సెట్టు చాలు. పోలేదా, కమోడ్ మార్చాల్సిందే. అప్పుడైనా గోడ దగ్గర్నుంచి కమోడ్ కింది మురుగు గొట్టం మధ్యకి ఎన్ని అంగుళాలో కొలుచుకుని రండి, లేకపోతే ఇంటికి తీసుకెళ్ళాక కూర్చోదు. సీసా పెట్టుకోవచ్చు, నీళ్ళతో పాటు లేచే బంతికి తగలకుండా. ఇటుక మాత్రం వద్దు, అరిగి ఆ ఇసుక వాషర్ కింద చేరుతుంది.

వేళచ్చేరి వాసి:
బాబాయ్‌గారు చెప్పిన రెండుసార్లు నొక్కడం నిజం. అమెరికాలో 1994 నుంచి ఇళ్ళకి 6 లీటర్ల లోపు కమోడ్లే అని చట్టం పెడితే, మొదట్లో వచ్చినవాటిని జనం తిట్టుకుంటూ రెండేసిసార్లు నొక్కారు. తర్వాత గిన్నె ఆకారం మార్చాకే దారిలో పడ్డాయి.

2019లో మా చెన్నైలో నాలుగు చెరువులూ ఎండిపోయి, జోలార్‌పేట నుంచి రైల్లో నీళ్ళు తెచ్చిన రోజులు గుర్తున్నాయా? అప్పుడు మేం ఫ్లష్ వాల్వే కట్టేశాం. వాషింగ్ మెషీన్ ఆఖరి నీళ్ళు బకెట్లో పట్టి పోసేవాళ్ళం. అవి ట్యాంకులో మాత్రం నింపకండి అక్కా. మేం నింపితే వారానికి బాత్రూమంతా కుళ్ళు సబ్బు కంపు.

హిందూపురం అమ్మాయి:
బాబాయ్‌గారూ, పిల్లల బాత్రూమ్‌లో ఇరవై నిమిషాలకే నీలం దిగింది! రాత్రి వాల్వ్ కట్టేసి పడుకుంటే పొద్దుటికి ట్యాంకు సగం ఖాళీ. వాషర్ మార్చాం. ఆరు లీటర్ల పరీక్ష రెండూ పాసయ్యాయి, డ్యూయల్ సెట్లు బిగించాం, టైల్స్ జోలికి పోలేదు. రోజుకి 20 ఫ్లష్‌లలో నాలుగు పెద్దవి, పదహారు చిన్నవి అనుకుంటే 72 లీటర్లు.

ఇక నా అసలు బాధ. మాకు రోజుకి ఆదా అయింది 128 లీటర్లు. అన్ని ఫ్లాట్లూ చేస్తే దాదాపు ఆరు రోజులకి ఒక 12,000 లీటర్ల ట్యాంకర్ తగ్గుతుంది. మీటింగ్‌లో చెబితే "బాగుందండీ" అని లిఫ్ట్ పెయింట్ విషయానికి వెళ్ళిపోయారు. ట్యాంకర్ ఖర్చు ఫ్లాటుకింత అని సమానంగా పంచుతారు కదా, ఎవరికి పట్టింది? ఫ్లాటుకో మీటర్ పెట్టించుకున్నవాళ్ళు ఉంటే చెప్పండి. పాత బిల్డింగ్, ఒక్కో ఫ్లాటుకి నీళ్ళ లైన్లు మూడు దిగుతాయి, మూడింటికీ మీటర్లు కావాలా?

ఇంకోటి, అత్తయ్యగారు రెండు బటన్లూ కలిపి నొక్కేస్తున్నారు. చిన్నదాని మీద ఎర్ర నెయిల్ పాలిష్ చుక్క పెట్టాను. ఎరుపంటే ముట్టుకోకూడదేమో అనుకుని ఇప్పుడు పెద్దదే నొక్కుతున్నారు.

సామాన్ల కొట్టు బాబాయ్:
మూడు లైన్లుంటే మూడు మీటర్లే అమ్మా. ఆ చుక్క చెరిపేసి పచ్చది పెట్టండి.