వికెడ్ సినిమాలో నటుల ఎంపిక తప్పలేదు, వెలుతురు తప్పింది అంటాను. మీరేమంటారు?

బాల్కనీ చివరి వరస:
రెండు భాగాలూ చూశాక రాస్తున్నాను. మొదటిది 2024 నవంబర్ 22న వచ్చింది, రెండోది 2025 నవంబర్ 21న. సినిమాకి మూలమైన పాటల నాటకం మాత్రం 2003 నుంచి న్యూయార్క్‌లో గెర్ష్‌విన్ థియేటర్‌లో ఆడుతూనే ఉంది. న్యూజెర్సీలో ఉన్నప్పుడు రెండుసార్లు చూశాను, రెండుసార్లూ పైన చివరి వరసలోనే, అంతకంటే ముందు సీటు కొనే స్తోమత అప్పట్లో లేదు. కథ తెలియనివాళ్ల కోసం: ఆకుపచ్చ ఒంటితో పుట్టి అందరి చేతా ఛీ అనిపించుకున్న ఎల్ఫబా, అందరూ మెచ్చే గ్లిండా, వీళ్లిద్దరూ కాలేజీలో ఒకే గదిలో పడి ముందు పోట్లాడుకుని తర్వాత ప్రాణస్నేహితులవుతారు. ఆ ఎల్ఫబానే చివరికి లోకం మంత్రగత్తె అని ఎందుకు పిలిచిందన్నదే కథ.

2021 నవంబర్‌లో ఎల్ఫబాగా సింథియా ఎరివో, గ్లిండాగా ఆరియానా గ్రాండే పేర్లు ప్రకటించిన రోజు నుంచి గొడవే. పాప్ స్టార్‌ని జనం కోసం తెచ్చారని ఒకరు, వయసు సరిపోదని ఒకరు. నాకు ఆ రెండు అభ్యంతరాలూ నిలబడవనిపిస్తుంది. ఎరివోకి 2016లోనే అమెరికా నాటకాలకిచ్చే టోనీ అవార్డు వచ్చింది, గ్రాండే పాప్ కంటే ముందు 2008లో న్యూయార్క్ పెద్ద నాటకాల చోటైన బ్రాడ్‌వేలో స్టేజీ ఎక్కిన పిల్ల.

నా బాధంతా రంగుల గురించి. నాటకం మొదటి సగం చివర్లో ఎల్ఫబా గాల్లోకి లేచే పాట ఉంటుంది. పై వరస నుంచి చూస్తే ఆమె ముఖం కనబడదు. నల్ల గౌను అలా కిందికి పరుచుకుంటూ పోతుంది, వెనక నుంచి పచ్చటి కాంతి కిరణాలు, ఆ మధ్యలో నుంచి గొంతు. అప్పుడు నా పక్కన కూర్చున్న పెద్దావిడ నా చెయ్యి పట్టేసుకుంది, ఎవరో ఏమిటో తెలియదు. అదే పాట సినిమాలో వచ్చేసరికి ఆకాశమంతా సాయంత్రపు మసక, పాట మధ్యలో ఆపి పరుగులు, పడిపోవడాలు, మళ్లీ పాట. గొంతు అద్భుతం. కళ్లకి మాత్రం పాత దుప్పటి కప్పినట్టుంది. ఇదే ఓజ్ అనే మాయలోకం కథతో 1939లో వచ్చిన విజర్డ్ ఆఫ్ ఓజ్‌లో ఇంతకంటే రంగు ఎక్కువ.

లెన్స్ క్యాప్:
అన్నా, మీ బాధ అర్థమైంది. ఈ పని మీదే బతుకుతున్నాను కాబట్టి ఒక మాట. ఇక్కడ కలర్ గ్రేడింగ్, అంటే తీశాక రంగులు సరిచేసే పని, ఆ ఒక్కదాన్నే అంటే లాభం లేదు, లైటింగ్‌తోనే మొదలైంది. చాలా షాట్లలో సూర్యుడు నటుల వెనక ఉంటాడు. వెనక వెలుగు ఎక్కువైతే ముఖం నీడలో పడుతుంది, ముఖం కనబడాలని నీడల్ని పైకి లాగితే నలుపు బూడిద రంగులోకి తిరుగుతుంది. మీకు దుప్పటి కప్పినట్టు అనిపించింది అదే.

దర్శకుడు జాన్ చు దీనికి జవాబు చెప్పాడు. ఓజ్ ఎవరి కలో కాదు, నిజంగా ఉన్న ఊరు, దానికి దుమ్మూ ధూళీ అరుగుదలా ఉండాలి, అది అబద్ధపు చోటైతే ఈ ఇద్దరమ్మాయిల కష్టం కూడా అబద్ధమైపోతుంది అన్నది అతని వాదన సారాంశం. ఆ మాటలో నిజం ఉంది.

ఇంకో సంగతి. అభిమానులు రంగు పెంచి పెడుతున్న క్లిప్పులు చూసి నేనూ ఒక ఫ్రేమ్ తీసుకుని సాచురేషన్, అంటే రంగుల గాఢత, పెంచి చూశాను. గడ్డి బాగుంది, ఆకాశం బాగుంది, గ్లిండా గులాబీ గౌను బాగుంది. ఎల్ఫబా చెంప మాత్రం గోడకి వేసే ఎనామెల్ పెయింట్‌లా అయిపోయింది. ఆ పచ్చదనం కంప్యూటర్‌లో వేసింది కాదు, ఎరివో పట్టుబట్టి రోజూ ఒంటికి మేకప్ వేయించుకుంది. దగ్గరగా చూస్తే ముక్కు పక్కన, కనుబొమల కింద, పెదవుల దగ్గర ఒక్కో చోట ఒక్కో ఛాయ ఉంటుంది. రంగు పెంచగానే అవన్నీ ఒకటైపోతాయి. ఆ మనిషిని కాపాడటానికి చుట్టూ ఉన్న లోకాన్ని కాస్త తగ్గించారేమో అని నా అనుమానం.

రెండో కృష్ణుడు:
నేను ఎంపిక గురించే మాట్లాడతాను. మా తాత ఊళ్లో పద్యనాటకాలు వేయించేవాడు. ఒకే రాత్రి, ఒకే నాటకం, ఒకటో కృష్ణుడు, రెండో కృష్ణుడు వేరు వేరు మనుషులు. ఒకటో ఆయన కిరీటం తీసి టీ తాగుతుంటే రెండో ఆయన పద్యం ఎత్తుకునేవాడు, జనం వన్స్ మోర్ అనేవాళ్లు. ఇందాక కృష్ణుడు నల్లగా ఉన్నాడు, ఇప్పుడు తెల్లగా ఉన్నాడేంటి అని ఎవరూ అడగలేదు. స్టేజీ మీద పాత్ర ఎవరి సొంతమూ కాదు, వచ్చి పాడి పోతారు.

ఎల్ఫబా కూడా అంతే కదా. మొదట వేసింది ఇడీనా మెంజెల్, 2004లో టోనీ కూడా ఆవిడకే. ఆ తర్వాత ఎంత మంది వేశారో. లండన్‌లో అలెక్సియా ఖాడిమే అనే నల్లజాతి నటి ఎప్పుడో వేసింది. ఎరివో వచ్చేసరికి కొత్తగా ఏదో జరిగినట్టు మాట్లాడిన వాళ్లు నాటకం చూసిన వాళ్లు కాదు, క్యాసెట్ అరిగేదాకా ఒక్క గొంతే విన్నవాళ్లు. పైగా ఆవిడ ఆ పాత్రకి సన్నటి జడలు కావాలని అడిగి పెట్టించుకుంది. ఒంటి రంగు చూసి దూరం పెట్టిన పిల్ల కథ ఇది, ఆ జడలతో దానికి ఇంకో అర్థం వచ్చింది.

సెట్‌లో పాడుతూ నటించారు అన్నదే నాకన్నిటికంటే ముఖ్యం. ముందు స్టూడియోలో పాడేసి తర్వాత పెదాలు కదిపితే ఊపిరి కనబడదు. ఇందులో కనబడుతుంది.

కర్టెన్ రైజర్:
రెండో కృష్ణుడు గారూ, అరిగిన క్యాసెట్ అన్నారే, ఆ క్యాసెట్ బ్యాచే నేను. నాటకం అమెరికా వెళ్లి చూసే భాగ్యం మాకు ఎక్కడిది? హైదరాబాద్ హాస్టల్ గదిలో ఇయర్‌ఫోన్స్‌లో విన్నాం. ఆ గొంతు మీద ప్రేమ ఉండటం తప్పా?

పోస్టర్ గొడవ కూడా అలాగే వచ్చింది. నాటకం పోస్టర్‌లో ఎల్ఫబా టోపీ అంచు కళ్ల మీదికి ఉంటుంది, ఎర్రటి పెదవుల మీద ఓ చిన్న నవ్వు, గ్లిండా ఆమె చెవిలో ఏదో చెబుతుంటుంది. సినిమా పోస్టర్‌లో ఎరివో కళ్లు కనబడుతున్నాయని ఒక అభిమాని టోపీ కిందికి దించి, పెదవులు ఎర్రగా చేసి పెట్టాడు. 2024 అక్టోబర్‌లో ఎరివో చాలా బాధపడుతూ రాసింది. ప్రేమతో చేసిన పనికి అంత కోపమా అని నాకు ఆ రోజు మనసు చివుక్కుమంది.

రెండో కృష్ణుడు:
మీ ప్రేమని తప్పనలేదమ్మా, ఆ మాట కటువుగా వచ్చుంటే క్షమించండి. కానీ ఆవిడ ఏమందో కూడా చూడండి. పాతది బొమ్మ, నేను మనిషిని, కళ్లతో మీతో మాట్లాడాలనే నేరుగా కెమెరాలోకి చూశాను, ఆ కళ్లే మూసేశారు అంది. కళ్లు తీసేస్తే నటికి ఇంకేం మిగులుతుంది? తర్వాత ఆవిడే ఆవేశపడ్డాననీ, ముందు స్నేహితులకి ఫోన్ చేసి ఉండాల్సిందనీ ఒప్పుకుంది. నాకైతే రెండు వైపులా ప్రేమే కనబడింది.

చిన్నక్క:
ఇంత చర్చలో నెస్సారోజ్ మాట ఎవరూ ఎత్తలేదు. ఎల్ఫబా చెల్లెలు, వీల్‌చైర్‌లో ఉండే అమ్మాయి. మా చెల్లి పదకొండేళ్లుగా వీల్‌చైర్‌లోనే ఉంది కాబట్టి నా కళ్లు అక్కడికే పోతాయి. నాటకంలో ఆ పాత్ర నడవగలిగిన వాళ్లే కూర్చుని వేసేవాళ్లు. సినిమాలో మారిస్సా బోడీ నిజంగానే వీల్‌చైర్ వాడే నటి. తేడా చిన్నదనుకోకండి. చక్రం తిప్పేటప్పుడు భుజం ఎలా కదులుతుంది, ఎవరైనా అడక్కుండా వెనక నుంచి నెడితే ముఖం ఎలా బిగుసుకుంటుంది, ఇవి నేర్పితే వచ్చేవి కావు. నెస్సారోజ్‌ని ఎవరో అడక్కుండా తోసుకుపోతుంటే మా చెల్లి థియేటర్‌లో నా వైపు తిరిగి "చూశావా" అంది, అంతే.

రెండో భాగంలో ఇంకో మార్పు. నాటకంలో మంత్రంతో ఆమె లేచి నడుస్తుంది. సినిమాలో నడవదు, గాల్లో తేలుతుంది. నడవలేకపోవడం ఒక జబ్బు, మంత్రం వేస్తే పోవాలి అన్న పాత లెక్క వదిలేశారు. వెలుతురు తక్కువైందా ఎక్కువైందా అన్నది నాకు ఆ తర్వాతే.

కర్టెన్ రైజర్:
అక్కా, ఇది నేను గమనించనే లేదు. మళ్లీ చూస్తాను.

ఒక్క ఎంపిక మాత్రం నేను ఒప్పుకోను, కాలేజీలో మేడమ్ మారిబుల్ వేషం వేసిన మిషెల్ యో. నటన గురించి ఒక్క మాట అనను, కానీ పాడేవాళ్లతో నిండిన కథలో పాడలేని మనిషిని పెడితే ఆ ఒక్క చోట పాట కుంటుతుంది.

లెన్స్ క్యాప్:
దానికి నాదీ అదే మాట.

బాల్కనీ చివరి వరస:
అందరివీ చదివాను. చిన్నక్క గారి మాట దగ్గర ఆగిపోయాను, నాటకం రెండుసార్లు చూసి కూడా ఆ కుర్చీ గురించి నేను ఒక్కసారీ ఆలోచించలేదు.

లెన్స్ క్యాప్ చెప్పిన చెంప ఛాయల సంగతి కూడా ఒప్పుకుంటున్నాను, ఎందుకంటే సినిమాలో నాకు అన్నిటికంటే నచ్చింది డ్యాన్స్ హాల్ సన్నివేశం. ఆ టోపీ పెట్టుకుని వచ్చిన ఎల్ఫబాని చూసి అందరూ నవ్వుతారు. ఆమె పారిపోకుండా ఒక్కతే మధ్యలో నిలబడి వింతగా ఆడుతుంది, పాట లేదు, మాట లేదు. గ్లిండా వచ్చి ఎదురుగా నిలబడి అవే కదలికలు చేస్తుంది. పచ్చటి చెంప మీద ఒక్క కన్నీటి చుక్క, దాన్ని గ్లిండా వేలితో తుడుస్తుంది. నా చివరి వరస నుంచి ఈ చుక్క ఎప్పటికీ కనబడేది కాదు. 1,900 మంది పట్టే హాల్లో ఎవరికి కనబడుతుంది?

అయినా రంగుల మీద నా పట్టు వదలను. ఇంగ్లాండ్‌లో నార్ఫోక్ దగ్గర ఈ సినిమా కోసం 90 లక్షల టులిప్ మొక్కలు నాటారు. నేథన్ క్రౌలీ బృందానికి సెట్లకీ, పాల్ టేజ్‌వెల్‌కి దుస్తులకీ ఆస్కార్లు వచ్చాయి, దుస్తుల విభాగంలో గెలిచిన మొదటి నల్లజాతి పురుషుడు ఆయనే. అంటే రంగు అక్కడ ఉంది. నేల మీద ఉంది, గుడ్డ మీద ఉంది, మనుషులు చేతులతో నాటారు, కుట్టారు. ముఖం దగ్గరికి వచ్చినప్పుడు తగ్గించండి, కాదనను. కెమెరా దూరంగా వెళ్లి ఆ తోటంతా చూపించిన షాట్‌లో అక్కడ ఏ చెంపా లేదు కదా. అక్కడెందుకు తగ్గించారు? లెన్స్ క్యాప్, దీనికి మీ దగ్గర జవాబుంటే రాయండి, నిజంగానే తెలుసుకోవాలని ఉంది.